గుర్రం లాగిన కొడవలి: కోత యంత్రాల చరిత్రలో కనపడని చేతులు

వరి కోతల రోజుల్లో మైలవరం చుట్టుపక్కల చెరువుల కింది పొలాల్లోకి వెళ్తే ఇప్పుడు కొడవలి కనపడటం అరుదు. గొలుసు పట్టాల మీద నడిచే కోత యంత్రం, జనం నోట్లో 'చైన్ మిషన్', గట్టు దాటి మడిలో దిగుతుంది. పైరు కోసి, నూర్చి, పొల్లు ఎగరేసి, గింజల్ని నేరుగా ట్రక్కులో పోస్తుంది. పనలు లేవు, కుప్ప లేదు, కళ్లం లేదు. కళ్లం లేదు కాబట్టి కళ్లంలో కొలిచే కూలిగింజలూ లేవు. ఇరవై ముప్పై మంది మాల మాదిగ ఆడవాళ్లు రోజుల తరబడి చేసే పని ఒక డ్రైవరు పూటలో ముగించుకుని పోతున్నాడు.

ఈ యంత్రం ఎవరి బుర్రలోంచి పుట్టింది? పాఠ్యపుస్తకాల్ని అడిగితే ఒక్క వాక్యంలో జవాబొస్తుంది: 1831లో అమెరికాలోని వర్జీనియాలో సైరస్ మెకార్మిక్ అనే తెల్లాయన గుర్రంతో లాగించే కోత యంత్రాన్ని కనిపెట్టాడు. మన పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో రాసి వస్తారు. కానీ కోత చరిత్రని మేధావుల చరిత్రగా చదవడం అలవాటైపోయిన మనం, దాన్ని ఒకసారి చేతుల వైపు నుంచి చదివి చూడాలి. అలా చదివితే ఈ కథ మైలవరానికి మనం అనుకున్నంత దూరంలో లేదు.

ముందు గుర్రం సంగతి చూద్దాం. మన ఊళ్లల్లో సేద్యం ఎద్దుది, గుర్రం దొరది. జమీందారు ఎక్కింది, తహశీల్దారు ఎక్కింది, పటాలంలో తెల్లవాడు ఎక్కింది గుర్రం. ఈ రోజుకీ పెళ్లి ఊరేగింపులో దళిత పిల్లవాడు గుర్రమెక్కితే దింపి కొట్టిన వార్తలు దేశంలో ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉన్నాయి. మరి ఆ గుర్రానికి మేత ఎవరు కోశారు? యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు 1886లో అచ్చేసిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువులో 'గ్రాస్ కట్టర్' అనే మాట ఉంది. ప్రతి గుర్రానికీ సైసు కాకుండా గడ్డి కోసుకొచ్చే మనిషి ఒకరు ఉంటారని, ఉత్తరాదిన ఆ పని మగవాడు చేస్తాడని, దక్షిణాదిన మాత్రం గుర్రపువాడి పెళ్లామే చేస్తుందని దాంట్లో రాశారు. బర్నెల్ మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసినవాడు, చూసిందే రాశాడు. మద్రాసు రాజధానిలో ఆ గుర్రపువాళ్లు ఎక్కువగా అంటరాని కులాలవాళ్లే. అంటే, అమెరికాలో గుర్రం గడ్డి కోసే యంత్రాన్ని లాగుతున్న అదే కాలంలో, ఇక్కడ మన ఆడమనిషి గుర్రం కోసం నేల మీద గొంతుక్కూర్చుని గడ్డి చెక్కుతోంది. అక్కడ గుర్రం చేసే చాకిరీని ఇక్కడ గుర్రానికి చేసిందామె. సాంకేతిక చరిత్ర రాసేవాళ్లు ఈ రెండు దృశ్యాల్ని పక్కపక్కన పెట్టి చూడరు.

ఇక యంత్రం. దాన్ని అర్థం చేసుకోవాలంటే కొడవలి పట్టిన మనిషిని చూడాలి. కోత కోసే మనిషి ఎడమ చేత్తో గుప్పెడు దుబ్బుల్ని ఒడిసి పట్టుకుంటుంది. పట్టు లేకపోతే కొడవలికి పైరు తెగదు, వంగిపోతుంది. కుడి చేత్తో కొడవలి వేసి తన వైపు లాగుతుంది. తెగిన గుప్పెణ్ణి పక్కన పెడుతుంది. గుప్పెళ్లు చేరితే పన. పనలు ఆరాక వాటిని పోగేసి గడ్డితో పేనిన వెంటితో కట్టాలి. పట్టు, కోత, పరుపు, పోగు, కట్టు. ఈ అయిదు కదలికల్లో ఒక్కొక్కదాన్నీ మనిషి చేతిలోంచి లాక్కోవడమే పంతొమ్మిదో శతాబ్దం కోత యంత్రాల చరిత్ర అంతా. చివర్న చెప్పిన 'కట్టు' ఒక్కటీ లాక్కోడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. మన ఆడవాళ్ల వేళ్లకున్న నేర్పు ఎంతటిదో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు. దాన్ని 'నైపుణ్యం లేని కూలి' అని కనీస వేతనాల జాబితాల్లో రాస్తారు!

స్కాట్లండులో పాట్రిక్ బెల్ అనే మతాచార్యం చదువుకునే కుర్రాడు 1828 నాటికి ఒక యంత్రం చేశాడు. అందులో కత్తెరలు వరసగా ఉంటాయి. గుర్రాలు ముందు నుంచి లాగవు, వెనక నుంచి నెడతాయి. ముందుంటే పైరు తొక్కేస్తాయి కదా. తెగిన పైరు గుడ్డ పట్టీ మీద పడి పక్కకి జారుతుంది. బెల్ దానికి పేటెంటు తీసుకోలేదు. అమెరికాలో ఒబెడ్ హస్సీ 1833 డిసెంబరు 31న పేటెంటు తీసుకున్నాడు, మెకార్మిక్ 1834 జూన్ 21న. ఈ ఇద్దరి మధ్యా ఎవరు ముందన్న పోట్లాట వాళ్లు బతికినన్నాళ్లూ నడిచింది. మనకి ఆ పోట్లాటతో పని లేదు గానీ, వాళ్లు కోత సమస్యని ఎక్కడ పట్టుకున్నారన్నది ముఖ్యం.

వాళ్లు పట్టుకున్నది ఎడమ చేతిని. ఒక పొడుగాటి కడ్డీకి ముందువైపు ఇనప వేళ్లు వరసగా బిగించారు. పైరు ఆ వేళ్ల సందుల్లోకి వస్తుంది. వేళ్లు దాన్ని వంగిపోకుండా పట్టి ఉంచుతాయి. వాటి మధ్యనుంచి కత్తి అటూ ఇటూ కదులుతూ కోస్తుంది. వేలు ఎడమ చెయ్యి, కత్తి కుడి చెయ్యి. మెకార్మిక్ కత్తి రంపపు పళ్లున్న ఒకటే పొడుగు బద్ద. హస్సీ కత్తి వేరు: ముక్కోణపు బిళ్లల్ని వరసగా ఒక బద్దకి రివెట్లతో బిగించాడు. ఒక్కో బిళ్ల రెండంచులూ పదునే, పోతూ కోస్తుంది, వస్తూ కోస్తుంది. ఒక బిళ్ల విరిగితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. కంకి పైరు కంటే సన్నగా, మెత్తగా ఉండే పచ్చగడ్డికి హస్సీ పద్ధతే బాగా పనికొచ్చింది. ఇవ్వాళ మన చైన్ మిషన్ ముందు భాగంలో వంగి చూడండి, ఆ ముక్కోణపు బిళ్లలే కనపడతాయి. రెండు వందల ఏళ్లవుతున్నా అవి మారలేదు.

హస్సీ యంత్రానికి ఒక జబ్బు ఉండేది. తడిగడ్డి, పీచు, బురద కత్తికీ వేలికీ మధ్య ఇరుక్కుని బిగుసుకుపోయేవి. గుర్రాల్ని ఆపి, మనిషి దిగి, వేళ్లు పెట్టి తియ్యాల్సి వచ్చేది. 1847లో హస్సీ ఆ ఇనప వేలి గాడిని వెనకవైపు తెరిచి ఉంచాడు. ఇరుక్కున్న చెత్త వెనక్కి జారి పడిపోయే దారి దొరికింది. చూడ్డానికి ఇది చాలా చిన్న మార్పు, ఒక చిన్న సందు. కానీ గడ్డికోత యంత్రం నిలబడింది ఈ సందు మీదే. గొప్ప ఆవిష్కరణలంటూ ఊదరగొట్టే చరిత్రలు ఇలాంటి వాటికి చోటివ్వవు. అసలు యంత్రాలు బాగుపడేది ఇలాగే: పొలంలో వాడేవాడి వేళ్లకి తగిలిన ఇబ్బందిని ఒకడు గమనిస్తాడు, ఇంకొకడు ఇనుము వంచుతాడు.

మరో ఇబ్బంది నేలది. తొలి యంత్రాల్లో కోత కడ్డీ చట్రానికి గట్టిగా బిగించి ఉండేది. నేల ఎగుడుదిగుడైతే ఒక చోట మొదళ్లు ఎత్తుగా మిగిలేవి, ఇంకో చోట కత్తి మట్టిలో దిగబడేది. 1850ల్లో రెండు చక్రాల మధ్య బరువుంచి, కడ్డీని పక్కన కీలు మీద వేలాడదీసే పద్ధతి వచ్చింది. ఒహాయోలో లూయిస్ మిల్లర్ వాళ్ల 'బకై' యంత్రం దీనికి పేరుపడింది. తలుపు కీలు మీద తిరిగినట్టు కడ్డీ నేల ఎత్తుపల్లాల్ని బట్టి లేస్తుంది, దిగుతుంది. దారిలో పోయేటప్పుడు పైకి మడిచేసుకోవచ్చు. తోలేవాడికి కూర్చోడానికి ఇనప పీట వచ్చింది. అంతకుముందు యంత్రం పక్కన నడిచేవాడు, లేదా గుర్రమెక్కి తోలేవాడు. గుర్రాల వైపు నుంచి చూస్తే ఇంకొక బాధ ఉంది. కోత కడ్డీ ఒక పక్కనే ఉండటంతో బండి ఆ పక్కకే గుంజేది, మెడలు ఒరుసుకుపోయేవి. దీన్ని సరిచెయ్యడానికి దశాబ్దాలు పట్టింది. గుర్రాల మెడ గురించి రాసినంత శ్రద్ధగా కోత కూలీల నడుం గురించి రాసిన ఇంజనీరు మాత్రం నాకు తగల్లేదు.

ఇక్కడ ఒక మనిషిని పరిచయం చెయ్యాలి. పేరు జో ఆండర్సన్. మెకార్మిక్ కుటుంబానికి వర్జీనియాలో ఉన్న వాల్‌నట్ గ్రోవ్ అనే వ్యవసాయ క్షేత్రంలో నల్ల బానిస. తండ్రి రాబర్ట్ మెకార్మిక్ కోత యంత్రం కోసం ఏళ్ల తరబడి తంటాలు పడి వదిలేశాడు. 1831లో కొడుకు సైరస్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు, ఆ పొలంలోని కొలిమిలో అతనితోపాటు నిలబడి యంత్రాన్ని తయారుచేసింది జో ఆండర్సన్. జూలైలో స్టీల్స్ టావెర్న్ అనే చోట పక్క రైతు ఓట్స్ చేలో యంత్రాన్ని పరీక్షించినప్పుడు, తెగి పలక మీద పడుతున్న పైరుని పలుగుకర్రతో పక్కకి లాగుతూ యంత్రం వెంట నడిచిందీ అతనే అని చెబుతారు. ఒక మధ్యాహ్నంలో ఆరెకరాలు కోసిందట. యంత్రం 'తనంతట తాను' ఆరెకరాలు కోసినట్టు చదువుకున్నాం మనం. పక్కన చెమటతో ఒక నల్ల మనిషి పరిగెత్తుతున్నాడు.

ఆ యంత్రంలో జో ఆండర్సన్ ఆలోచన ఎంత, చేతి పని ఎంత? తూకం వెయ్యడం కష్టం. ఎందుకు కష్టమంటే, బానిస ఆలోచనని నమోదు చేసే కాగితం ఆ దేశంలో లేదు. ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. 1857లో మిసిసిపీలో ఆస్కార్ స్టువర్ట్ అనే భూస్వామి తన బానిస, కమ్మరి నెడ్ తయారుచేసిన పత్తి చేను గీకే పరికరానికి పేటెంటు కావాలని దరఖాస్తు పెట్టాడు. కనిపెట్టింది నెడ్ అని అతనే ఒప్పుకున్నాడు. నా మనిషి నా ఆస్తి కాబట్టి అతని బుర్ర పండించింది కూడా నాదే అని అతని వాదన. 1858లో అమెరికా అటార్నీ జనరల్ జెరెమయా బ్లాక్ తేల్చి చెప్పాడు: బానిస కనిపెట్టిన దానికి పేటెంటు ఇవ్వడం కుదరదు. బానిస పౌరుడు కాడు కాబట్టి తన పేరున ప్రమాణపత్రం దాఖలు చెయ్యలేడు, యజమాని కనిపెట్టినవాడు కాదు కాబట్టి అతనూ చెయ్యలేడు. 1861లో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు ఈ చిక్కు విప్పుకున్నాయి, యజమానికే పేటెంటు ఇచ్చేలా చట్టం రాసుకున్నాయి!

మెకార్మిక్ 1847లో చికాగోలో కార్ఖానా పెట్టి కోటీశ్వరుడయ్యాడు. జో ఆండర్సన్ వర్జీనియాలోనే ఉండిపోయాడు. అతన్ని ఇతరుల దగ్గర పనికి అద్దెకిచ్చి ఆ అద్దె యజమాని తీసుకునేవాడు. అంతర్యుద్ధం ముగిసి 1865లో బానిసత్వం రద్దయ్యేదాకా అదే బతుకు. అతని పేరు ఘనంగా అచ్చులోకి వచ్చింది యంత్రానికి నూరేళ్ల పండగ జరిగిన 1931లో, మెకార్మిక్ మనవడు రాసిన పుస్తకంలో. నూరేళ్లు పట్టింది, అదీ యజమాని కుటుంబం దయతల్చాక.

ఈ కథ చదువుతుంటే మనవాళ్లు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? జంతువు చర్మాన్ని తంగేడు చెక్కతో, సున్నంతో ఊనబెట్టి, నీళ్లకి చివకని మోట బొక్కెన కుట్టిన మాదిగ ఏ శాస్త్రవేత్తల జాబితాలో ఉన్నాడు? కపిల బావి సేద్యం మొత్తం ఆ తోలు సంచి మీదే నడిచింది. నాగలికి కట్టే తోలు వారు, ఎద్దు మెడ పట్టెడ, చెర్నాకోల, చెప్పులు అన్నీ గూడెం నుంచే వెళ్లాయి. దానికి ప్రతిఫలం కళ్లంలో కొలిచే మేర. దళిత బహుజన కులాల ఉత్పత్తి జ్ఞానమే ఈ దేశపు విజ్ఞానశాస్త్రమని కంచ ఐలయ్య 1996లో వచ్చిన తన పుస్తకంలో వాదించినప్పుడు చాలామంది పండితులు ముఖం చిట్లించారు. జో ఆండర్సన్ విషయంలో అమెరికా చరిత్రకారులు ఒప్పుకున్నదాన్ని మన విషయంలో ఒప్పుకోడానికి మనవాళ్లకి నోరు రాదు. జోతీరావు ఫూలే 1873లో 'గులాంగిరి'ని అమెరికాలో బానిస విముక్తికి పాటుపడిన జనానికి అంకితమిచ్చాడన్నది గుర్తుపెట్టుకుంటే, ఈ పోలిక ఇవ్వాళ కొత్తగా తెచ్చింది కాదని తెలుస్తుంది.

యంత్రం కథ ఇంకా ఉంది. పలక మీద పడ్డ పైరుని లాగే మనిషి బదులు తనంతట తానే తిరిగే పలుగులు 1850ల్లో వచ్చాయి. 1858లో మార్ష్ సోదరులు పైరుని గుడ్డ పట్టీ మీద బల్ల దాకా ఎక్కించే యంత్రం చేశారు. ఇద్దరు మనుషులు దానిమీదే నిలబడి, నడుం వంచకుండా పనలు కడతారు. కూలీ నడుం కోసం కాకపోయినా, కూలీ నడుముకి సుఖమిచ్చిన మార్పు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. ఆ తర్వాత ఆ ఇద్దరూ అక్కర్లేకుండా తీగతో కట్టే యంత్రం 1870ల్లో వచ్చింది. తీగ ముక్కలు గడ్డిలో కలిసి పశువుల కడుపులోకి, పిండిమరల్లోకి పోతున్నాయని రైతులు గోల పెట్టారు. చివరికి జాన్ యాపిల్‌బీ అనే అతను పురికొస ముడివేసే చిన్న ఇనప ముక్కుని 1870ల చివర్లో తయారుచేశాడు. పక్షి ముక్కు లాంటి ఆ పరికరం దారాన్ని మెలితిప్పి, కొసని పట్టుకుని, ముడిలోంచి లాగుతుంది. చెప్పానుగా, కట్టు లాక్కోడానికి యాభై ఏళ్లు.

మరి ఆ పురికొస ఎక్కడిది? మెక్సికోలో యుకటాన్ ప్రాంతం నుంచి హెనెకెన్ అనే కలబంద జాతి మొక్క నార. ఆ తోటల్లో పని చేసింది మాయా తెగ జనం. యజమాని దుకాణంలో రాసిన అప్పు తీరదు, అప్పు తీరందే తోట దాటి పోకూడదు, తండ్రి అప్పు కొడుకు మీద పడుతుంది. పాలేరుతనం, జీతగాడి బతుకు అంటే తెలిసిన మనకి వివరించక్కర్లేదు. 1902లో అమెరికా కోత యంత్రాల పెద్ద కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే ఒకే కంపెనీ అయ్యాయి. అదే ఏడు యుకటాన్‌లోని పెద్ద నార వ్యాపారి ఒలెగారియో మొలీనాతో ధర తగ్గించే రహస్య ఒప్పందం చేసుకున్నాయి. ఒక చోట చేతుల్ని పని నుంచి తప్పించిన యంత్రం, ఇంకో చోట చేతులకి సంకెళ్లు బిగించింది. కార్ఖానాలోనూ అంతే. చికాగోలో మెకార్మిక్ కార్ఖానా గేటు దగ్గర 1886 మే 3న సమ్మె కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మర్నాడు హేమార్కెట్ సభ. మనం ఎర్రజెండా ఎగరేసే మేడే వెనకున్నది కోత యంత్రాల కార్ఖానా అని వ్యవసాయ కూలి సంఘాల సభల్లో చెప్పగా నేను వినలేదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఇక్కడేం జరుగుతోంది? మెకార్మిక్ యంత్రం పరీక్షించిన మరుసటేడు, 1832లో, కృష్ణకి అవతలి ఒడ్డున గుంటూరు సీమలో నందన కరువు మొదలైంది. జనం లక్షల్లో చచ్చారు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టాలో వరి పెరిగింది, కోతకి చేతులు కావాల్సివచ్చాయి. మైలవరం, నూజివీడు మాత్రం డెల్టాకి పైన ఉన్న మెరక నేలలు. చెరువులు, బుడమేరు, వాన, మధ్య మధ్య కొండపల్లి గుట్టలు. భూమి జమీందార్లది. మైలవరం అంటే మన సాహిత్యకారులకి వెంటనే గుర్తొచ్చేది జమీందారు పోషించిన బాలభారతీ నాటక సమాజం. రంగస్థలం మీద వెలిగిన దీపాలకి నూనె, నటులకి జీతం ఎవరి కోతలోంచి వచ్చాయో అడిగే నాటక విమర్శకుడు ఇంకా పుట్టలేదు.

యంత్రాలు మద్రాసు రాజధానికి రాకపోలేదు. గవర్నర్ విలియం డెనిసన్ పూనికతో 1865లో మద్రాసు పక్కన సైదాపేటలో ప్రభుత్వ ప్రయోగ క్షేత్రం పెట్టి, ఇంగ్లండు నుంచి ఆవిరి నాగలి మొదలుకుని రకరకాల యంత్రాలు తెప్పించారు. అవి రైతు దాకా రాలేదు. 1893లో వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు వోల్కర్ తన నివేదికలో, ఇక్కడి పనిముట్లు ఇక్కడి పరిస్థితులకి చాలామటుకు తగినవేనని, దిగుమతి యంత్రాలకి పెద్దగా చోటు లేదని రాశాడు. కారణాలు అందరికీ తెలిసినవే: చిన్న మళ్లు, ఎత్తు గట్లు, బురద, పేదరికం.

ఈ కారణాల్లో నిజం లేదని నేను అనను. గుర్రపు యంత్రంలో కత్తికి శక్తి వచ్చేది నేల మీద దొర్లే చక్రం నుంచే. చక్రం బురదలో జారితే కత్తి ఆగుతుంది. ఎద్దు నడక గుర్రం నడక కంటే నిదానం కాబట్టి కత్తి కూడా నిదానిస్తుంది, పైరు తెగకుండా చిక్కుకుంటుంది. గింజ రాలిపోతుంది. ఇవన్నీ సరే. కానీ అదే వరి పంటని అమెరికాలో లూసియానా మైదానాల్లో 1880ల నుంచే పురికొస యంత్రంతో కోశారు. కోతకి ముందు మళ్లల్లో నీళ్లు తీసేసి, నేల గట్టిపడ్డాక గుర్రాల్ని, కంచరగాడిదల్ని దింపారు. గోధుమ యంత్రానికి చక్రం వెడల్పు చేసుకున్నారు. అంటే వరి కాబట్టి కుదరలేదన్న మాట నిలబడదు. వాళ్లు ఆ ఇబ్బంది పడటానికి కారణం అక్కడ కూలీలు చాలకపోవడం. ఇక్కడ భూస్వామి ఆ ఇబ్బంది ఎందుకు పడతాడు? ఊరి చివర మాలపల్లె, మాదిగ గూడెం ఉన్నాయి. కబురు పెడితే కొడవళ్లతో వస్తారు. రాకపోతే రప్పించే పద్ధతులున్నాయి. ఇనుముకి డబ్బు పెట్టాలి, కులానికి పెట్టనక్కర్లేదు. మన దగ్గర కోత యంత్రం రాకపోవడానికి అసలు కారణం మరో కోత యంత్రం అప్పటికే తయారై ఉండటం. దాని పేరు కులం.

ఆ యంత్రం ఎలా బిగుసుకుని ఉండేదో మైలవరానికి పొరుగునే ఉన్న కంచికచర్ల చెబుతుంది. 1968 ఫిబ్రవరిలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం మోపి, కట్టేసి, కిరసనాయిలు పోసి సజీవంగా తగలబెట్టారు. చట్టాల్లో బానిసత్వం 1843లోనే పోయింది. జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి. కోటేశుని కాల్చింది ఆ తర్వాత ఇరవై ఏళ్లకి.

అంబేద్కర్ ఈ చిక్కుని రెండు వైపుల నుంచీ చూశాడు. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో, సమస్య కమతం చిన్నదవడం కాదు, భూమి మీద పని లేని జనం పేరుకుపోవడం, పెట్టుబడి లేకపోవడం అన్నాడు. వాళ్లని భూమి మీదనుంచి పరిశ్రమకి మళ్లించాలన్నాడు. 1945లో గాంధీవాదాన్ని విమర్శిస్తూ, యంత్రం వల్ల వచ్చిన కీడు యంత్రానిది కాదు, దాని ఫలాన్ని కొద్దిమందికి కట్టబెట్టే సమాజానిది అన్నాడు. తీరిక లేకపోతే మనిషికి సంస్కృతి లేదు, ఆ తీరిక ఇచ్చేది యంత్రమే అన్నాడు. ఎద్దులా చాకిరీ చేసిన కులం నుంచి వచ్చినవాడు ఎడ్లబండిని పూజించలేడు మరి! 'యంత్రం వచ్చి పల్లె చెడింది' అని వాపోయే పట్నం కవులతో మనం గొంతు కలపలేం. కోతల్లో నడుం విరిగినవాళ్లెవరూ కొడవలి కోసం ఏడవరు.

కానీ యంత్రం ఇచ్చిన తీరిక ఎవరికి దక్కింది? ఇంగ్లండులో 1830లో నూర్పిడి యంత్రాల్ని పగలగొట్టిన కూలీల మీద కేసులు పెట్టి 19 మందిని ఉరితీశారు, దాదాపు 500 మందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపారు. వాళ్లు ఇనుము మీద కోపంతో సుత్తి ఎత్తలేదు. చలికాలం పొడుగునా వాళ్లకి అన్నం పెట్టేది ఆ నూర్పిడి పనే. మన దగ్గర ఎవరూ ఏమీ పగలగొట్టలేదు. యంత్రం వచ్చేనాటికి కొందరు మగవాళ్లు తాపీ పనికి, ఆటోలకి, బెజవాడ గోదాములకి వెళ్లిపోయారు. పొలంలో మిగిలింది ఆడవాళ్లు. డ్రైవరు సీటు మగవాడికి, కోల్పోయిన కొడవలి ఆడదానికి. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది కాబట్టి ఆ ఖాళీ కొంత పూడింది.

లెక్కల్లోకి రానివి మరికొన్ని పోయాయి. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోడాన్ని పరిగె అంటారు. ముసలివాళ్లు, పిల్లలు, పని చెయ్యలేనివాళ్లు పరిగె మీద కొన్ని వారాలు గంజి కాచుకునేవాళ్లు. యంత్రం వెనక గింజలు రాలతాయి గానీ కంకులు రాలవు. గొలుసు పట్టా తొక్కిన బురదలో గింజలు ఏరడం మనిషి వల్ల కాదు. గడ్డి నలిగి ముక్కలై చెల్లాచెదరుగా పడుతుంది. ఇంటి మీద కప్పుకోడానికి పనికిరాదు, ఒక గేదెని పెంచుకునే కూలి మనిషి మోపు కట్టి ఇంటికి తెచ్చుకోడానికీ కుదరదు. కళ్లంలో మేర అడిగే హక్కు, అది ఎంత అవమానంతో కలిసి వచ్చినా, ఒక హక్కు. అడగడానికి ఇప్పుడు కళ్లమే లేదు.

మైలవరం, నూజివీడు సీమలో ఒక పంటని మాత్రం యంత్రం ఇంకా ముట్టలేదు. అది మామిడి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం కాయల్ని ఇప్పటికీ మనిషే కొయ్యాలి. గుర్రపు యంత్రానికి సాటివచ్చే మార్పు ఇక్కడ జరిగింది వెదురు గడకి కట్టిన చిక్కంలో. చిక్కం అంచుకి చిన్న కత్తి బిగిస్తే కాయ లాగితే తెగడం కాదు, తొడిమతో సహా కోసుకుని సంచిలో పడుతుంది. తొడిమ ఎందుకంత ముఖ్యమంటే, అది ఊడితే సొన కారుతుంది. సొన పడ్డచోట తోలు నల్లబారుతుంది, నున్న మార్కెట్లో కాయ ధర పడిపోతుంది. అందుకని తొడిమ ఉంచి కోసి, తర్వాత తుంచి, కాయల్ని బోర్లించి సొన కార్చే పద్ధతులు తోటల్లోకి వచ్చాయి. ఆ కారే సొన కింద ఉండేవి కోత కూలీల చేతులే. అది పడితే చర్మం కాలినట్టు పొక్కుతుంది, మచ్చ నల్లగా నెలలు ఉంటుంది. కాయ మీద మచ్చని చూసి రేటు కట్టే వ్యాపారి చేతి మీద మచ్చకి ఏమీ కట్టడు. చెట్టు చివర కొమ్మ మీద నిలబడి గడ చాచే పిల్లవాడు జారి పడితే, కోత పాట పాడుకున్న కాంట్రాక్టరు, తోట యజమాని ఒకరి వైపు ఒకరు చూపించుకుంటారు.